పాత పొదుగు పని టీ పెట్టె చేతికొస్తే: పరీక్ష నుంచి పాలిష్ దాకా

మా తాతగారు విశాఖపట్నంలో ఒక పాత బంగళా సామాను వేలంలో కొన్న చిన్న చెక్కపెట్టె మా ఇంట్లో ఉండేది. జానెడు పొడవు, ముందు తాళం, మూత మధ్యలో లేత రంగు చెక్కతో పొదిగిన శంఖం. చాలా ఏళ్లు అందులో బొత్తాలు, సూదులు, దారపు ఉండలు పెట్టుకున్నాం. అది ఇంగ్లండ్‌లో చేసిన టీ పెట్టె అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన ఉత్సాహంలో తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాను. మర్నాడు పొద్దున చూస్తే శంఖం అంచు వంకీ తిరిగి పైకి లేచి ఉంది, కింద గోరు దూరేంత సందు. సుమారు రెండు వందల ఏళ్లు నిలిచిన పని నా చేతిలో ఒక్క రాత్రిలో చెడింది. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఇలాంటి పెట్టె వారసత్వంగా వచ్చినా, లండన్‌లోనో అమెరికాలోనో పాత సామాను సంతలో కొన్నా, ఒక్క నియమం పెట్టుకోండి. వెనక్కి తీసుకోలేని పని ఏదీ మొదటి వారం చేయొద్దు. ఆ వారమంతా చూడటానికే.

1. ముందు అది ఏ పెట్టో తెలుసుకోండి

ఓడల్లో టీ ఆకు నింపుకొచ్చిన పెద్ద పెట్టెల గురించి కాదు ఇక్కడ చెప్పేది. ఇంట్లో, హాల్లో, యజమానురాలి కళ్లెదుట ఉండే చిన్న పెట్టె ఇది. దీన్నే టీ క్యాడీ అంటారు. ఆ పేరు మలయ్ భాషలోని 'కాటి' అనే తూకం నుంచి వచ్చింది. ఒక కాటి అంటే దాదాపు 600 గ్రాములు. తాళం ఎందుకంటే టీ అప్పట్లో అంత ఖరీదు. 1784లో చట్టం మారేదాకా బ్రిటన్‌లో టీ మీద పన్ను 119 శాతం. ఆ ఏడాది దాన్ని 12.5 శాతానికి తగ్గించారు. తాళంచెవి ఇంటావిడ దగ్గరే ఉండేది.

లోపల సాధారణంగా రెండు అరలు ఉంటాయి, ఒకటి గ్రీన్ టీకి, ఒకటి బ్లాక్ టీకి. పెద్ద పెట్టెల్లో ఆ రెంటి మధ్య గాజు గిన్నె కూర్చునే గుండ్రటి గూడు ఉంటుంది, చక్కెరకో, రెండు టీలు కలుపుకోవడానికో.

కాలం పోల్చుకోవడానికి ఆకారం బాగా సాయం చేస్తుంది. 1770 నుంచి 1800 దాకా ఎక్కువగా నలుచదరపు, కోలగుండ్రం, ఎనిమిది పలకల పెట్టెలు. మహాగని, పసుపు రంగు శాటిన్‌వుడ్ పొర (దన్ను చెక్క మీద అంటించే పలుచటి చెక్క రేకు) మీద శంఖాలు, పూలకుండీలు, విసనకర్రలు పొదిగేవారు. 1810 తరవాత కిందికి సన్నబడే బరువైన ఆకారం వచ్చింది. రోజ్‌వుడ్ మీద ఇత్తడి గీతలు, ముత్యపు చిప్ప ముక్కలు, కింద గుండ్రటి కాళ్లు. సన్నటి రంగురంగుల పుల్లలను కట్టగా అంటించి, అడ్డంగా పలుచటి పొరలు కోసి అతికిన మొజాయిక్ లాంటి పని కనిపిస్తే అది ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్ ప్రాంతపు పద్ధతి.

ఇక మన విశాఖ పెట్టెలు. 18వ శతాబ్దంలో విశాఖపట్నం రేవులో ఈస్టిండియా కంపెనీ వాళ్ల కోసం మన కంసాలి పనివాళ్లు ఇంగ్లిష్ ఆకారాల్లోనే పెట్టెలు చేశారు. మొదట్లో రోజ్‌వుడ్, నల్లచేవ చెక్కల్లో ఏనుగు దంతం పొదిగారు. తరవాత గంధం చెక్క పెట్టెను పూర్తిగా దంతపు పలకలతో కప్పి, వాటి మీద సన్నటి గీతలు గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపారు. అంచుల చుట్టూ తీగలు, పువ్వులు సాగుతాయి. ఇంటి ఆకారంలో, పైకప్పే మూతగా చేసినవీ ఉన్నాయి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ విశాఖ పని భద్రంగా ఉంది. కింద చెప్పే సలహాల్లో చాలావరకు ఈ దంతపు పెట్టెలకు వర్తించవు. ఎక్కడ వర్తించవో అక్కడే చెబుతాను.

2. ఫొటోలు, టార్చి, వేలి కణుపు

ఆరు వైపులా, మూత తెరిచి లోపల, అడుగున ఫొటోలు తీయండి. తరవాత గది చీకటి చేసి, టార్చిని పెట్టె పక్కన పడుకోబెట్టినట్టు పట్టుకోండి. వెలుగు ఏటవాలుగా పడితే లేచిన పొర, గుంట, పాత రిపేరు అన్నీ నీడలుగా బయటపడతాయి. ఆపైన వేలి కణుపుతో మెల్లగా తట్టుకుంటూ పోండి. అంటుకున్న చోట గట్టి శబ్దం వస్తుంది, ఊడిన చోట డొల్లగా, కాగితం తట్టినట్టు వినిపిస్తుంది. డొల్ల పలికిన చోట్లన్నీ ఫొటో ప్రింటు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

వయసు తేల్చడానికి అందరూ మూత చూస్తారు. నేను అడుగు, తాళం, బందులు చూస్తాను. 1840ల ముందు స్క్రూలకు మొన ఉండదు, చివర మొద్దుగా ఉంటుంది. తలమీది గాడి నడిమధ్యలో కాకుండా కాస్త పక్కకు ఉంటుంది, ఎందుకంటే అది చేతితో ఆకురాయి పెట్టి కోసింది. బందు చుట్టూ వాడని పాత రంధ్రాలు ఉంటే బందులు మార్చారన్నమాట. చెక్కపొర మందం కూడా సాక్ష్యమే. చేతి రంపంతో కోసిన పాత పొర మిల్లీమీటరుకు అటూ ఇటూ, ఒక్కోసారి ఎక్కువే ఉంటుంది. యంత్రపు కత్తితో కోసిన తరవాతి కాలపు పొర కాగితమంత పలుచన.

మోసం ఎక్కువగా జరిగేది పొదుగు పనిలోనే. సాదా పాత పెట్టెకు కొత్తగా శంఖం పొదిగి ధర పెంచుతారు. గమనించడం కష్టమేమీ కాదు. రెండు శతాబ్దాల వెలుతురు తిన్న పెట్టెలో చుట్టుపక్కల చెక్క, పొదిగిన ముక్క కలిసి వెలిసిపోయి ఉంటాయి. పొదిగినది మాత్రం తాజాగా, ఆకులు ఆకుపచ్చగా, గీతలు నల్లగా మెరుస్తుంటే అనుమానించండి. పాత పెట్టెల్లోనూ ఆకులకు ఆకుపచ్చ రంగు వేసేవారు, కానీ అది ఇప్పటికి గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. బూడిద రంగు చెక్క కనిపిస్తే అది తెల్లటి సికమోర్ చెక్కను అన్నభేది నీళ్లలో నానబెట్టి తెచ్చిన రంగు. పండు ఆకారంలో, యాపిల్‌లా, బేరి పండులా ఉన్న టీ పెట్టెలకు నకళ్లు చాలా ఎక్కువ. నిపుణుడు చూడకుండా వాటికి డబ్బు పెట్టొద్దు.

3. దంతమా, ఎముకా, మరొకటా?

దీనిమీద చట్టం ఆధారపడి ఉంది కాబట్టి ఇక్కడ తొందర వద్దు. భూతద్దంతో చూడండి. ఎముకలో సన్నటి నల్లచుక్కలు, చిన్న గీతలు కనిపిస్తాయి, అవి రక్తనాళాల దారులు. ఏనుగు దంతంలో చుక్కలు ఉండవు, అడ్డంగా కోసిన ముఖం మీద ఒకదాన్నొకటి దాటే వంపు గీతలు అల్లికలా కనిపిస్తాయి. బాగా రుద్దితే కర్పూరం వాసన వచ్చేది సెల్యులాయిడ్, అంటే తరవాతి కాలపు ప్లాస్టిక్. కాల్చిన సూది గుచ్చి చూసే పద్ధతి కొందరు చెబుతారు. దయచేసి చేయకండి. ఆ మచ్చ ఎప్పటికీ పోదు.

భారతదేశంలో ఏనుగు దంతం కొనడం, అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మన ఏనుగు దంతం వ్యాపారాన్ని 1986లో, ఆఫ్రికా దంతాన్ని 1991లో నిషేధించారు. వారసత్వంగా వచ్చిన దంతపు పెట్టె ఉంటే యాజమాన్య పత్రం సంగతి అటవీశాఖ దగ్గర, లాయరు దగ్గర కనుక్కోండి. పెట్టె వంద ఏళ్లు దాటితే 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. బ్రిటన్‌లో దంతం చట్టం 2022 జూన్ 6 నుంచి అమల్లో ఉంది. 1947కు ముందు చేసి, దంతం ఘనపరిమాణంలో పది శాతం లోపు ఉన్న వస్తువులకు నమోదు చేసుకుంటే మినహాయింపు ఉంది. అక్కడ కొని సూట్‌కేసులో పెట్టుకుని ఇండియా తేవడం మాత్రం వద్దు. చిన్న తాళపుకన్ను చుట్టూ ఉన్న దంతపు ముక్కకే ఎయిర్‌పోర్టులో పెట్టె పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

4. పుచ్చు పురుగు ఉందేమో చూడండి

పెట్టెను నల్ల కాగితం మీద పెట్టి నెల్లాళ్లు కదపకండి. రంధ్రాల కింద కొత్తగా పిండిలాంటి పొడి రాలితే పురుగు బతికే ఉంది. పాత రంధ్రాలు మాత్రమే ఉండి పొడి రాలకపోతే భయం లేదు. పురుగు ఉంటే కిరోసిన్ పోయొద్దు, మందు కొట్టొద్దు, ఆ నూనె మరకలు లేత చెక్కలోకి దిగిపోతాయి. పెట్టెను మందపాటి పాలిథిన్ సంచిలో గాలి లేకుండా మూసి మిగతా సామానుకు దూరంగా పెట్టండి. పూర్తిగా చెక్కే ఉన్న పెట్టెలకు మ్యూజియంలలో అలా మూసిన సంచితోనే మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు గడ్డకట్టిస్తారు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పరు. దంతం, చిప్ప ఉన్న పెట్టెకు ఇది చేయకూడదు. వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థకు కన్సర్వేషన్ ప్రయోగశాలలు ఉన్నాయి, అలాంటి చోట అడగండి.

5. శుభ్రం చేయడం

మొదట మెత్తటి బ్రష్షు, మేకప్‌కు వాడేది చాలు. లేచిన అంచుల దగ్గర బ్రష్షును లోపలి నుంచి బయటికి కాకుండా, అంచు వెంటే నడపండి. గుడ్డ వాడొద్దు, నూలు పోగు లేచిన ముక్కకు తట్టుకుని లాగేస్తుంది.

తరవాత దూది చుట్టిన పుల్ల. వినడానికి వింతగా ఉన్నా, మ్యూజియంలలో ఇప్పటికీ వాడే మందు మన లాలాజలం. అందులోని ఎంజైములు చేతి జిడ్డును, పాత మురికిని మెల్లగా వదిలిస్తాయి. దూదిని కాస్త తడిపి, కనిపించని మూల మీద రుద్దకుండా దొర్లించండి. వెంటనే పొడి దూదితో ఒకసారి. ఇప్పుడు ఆ తడి దూదిని వెలుతురులో చూడండి. నలుపు, బూడిద రంగు అంటితే అది మురికి, కొనసాగించవచ్చు. తేనె రంగు అంటితే పాలిష్ వదులుతోంది. ఎరుపో పసుపో అంటితే చెక్కకు వేసిన రంగే వస్తోంది. ఈ రెంటిలో ఏది కనిపించినా ఆపేయండి. చివరిగా స్వేదన జలం తడి తగిలీ తగలనట్టు ఒక దూదితో తుడిచి ఆరబెట్టండి. రోజుకు అరచేయంత జాగా చాలు.

మైనం జిడ్డు పేరుకుని ఉంటే మినరల్ టర్పెంటైన్, అంటే హార్డ్‌వేర్ షాపులో ఎంటీవో అని అడిగేది, పని చేస్తుంది. అది లక్క పాలిష్‌ను కరిగించదు. విదేశీ వీడియోల్లో దీన్నే వైట్ స్పిరిట్ అంటారు. మన షాపులో 'స్పిరిట్' అని అడిగితే పాలిష్ పనికి వాడే ఆల్కహాల్ స్పిరిట్ ఇస్తారు. అది తగిలిన క్షణంలో పాలిష్ కరిగి జిగటవుతుంది. సీసా మీద రాసింది చదివి మరీ తెచ్చుకోండి.

విశాఖ దంతపు పెట్టెకు ఈ తడి పనులేవీ లేవు. నీళ్లు తగిలితే దంతం ఉబ్బి వంగుతుంది, స్పిరిట్ తగిలితే గీతల్లో ఉన్న నల్ల లక్క కరిగి తెల్లటి పలక మీద పాకుతుంది. ఆ పువ్వులు, తీగలు అన్నీ ఆ లక్కలోనే ఉన్నాయి. పొడి బ్రష్షు దగ్గరే ఆగిపోండి.

ఉప్పు కాగితం ఏ పెట్టెకూ వద్దు. శంఖం మీది సన్నటి చెక్కుడు గీతల లోతు వెంట్రుకంత. రెండు రుద్దులకు శంఖం పోయి ఉత్త కోడిగుడ్డు ఆకారం మిగులుతుంది.

6. లేచిన పొరను అంటించడం

ఇది ఈ వ్యాసంలో అసలు పని. పొర ఎందుకు లేస్తుందో ముందు అర్థం చేసుకోండి. కింద ఉన్న దన్ను చెక్క ఏటేటా తడికి ఉబ్బుతూ, ఎండకు కుంచించుకుంటూ ఉంటుంది, అదీ అడ్డంగానే. పైన పొదిగిన ముక్క పోగు, అంటే చెక్కలో నార సాగే తీరు, మరో దిక్కుకు ఉంటుంది. ఏసీ గదిలో ఒక వేసవి గడిస్తే చాలు, రెండూ చెరోవైపు లాగి మధ్యలో జిగురు తెగుతుంది.

ఆ పాత జిగురు పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసింది. దాని గొప్పతనం ఏమిటంటే, ఎన్నేళ్లకైనా వెచ్చదనం, తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. తెల్ల జిగురు, ఫ్లెక్స్ క్విక్ లాంటివి కొత్త సామానుకు మంచివే. కానీ ఇక్కడ వాడితే రేపు ఎవరైనా ఊడదీయాల్సి వచ్చినప్పుడు చెక్కతో సహా చీలిపోతుంది. అందుకే పాత పనికి పాత జిగురే.

జిగురు పలుకులు ఒక వంతు, చల్లటి నీళ్లు రెండు వంతులు తీసుకుని రాత్రంతా నానబెట్టండి. పొద్దునకు ముంజల్లా ఉబ్బి ఉంటాయి. గిన్నెను వేడినీళ్ల గిన్నెలో కూర్చోబెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించండి. మరిగితే బలం పోతుంది, కాబట్టి వంటింటి థర్మామీటరు పెట్టుకోండి. చెంచాతో ఎత్తితే పలుచటి తేనెలా, తెగకుండా తీగలా జారాలి.

లేచిన అంచు కింద పలుచటి కత్తి మొనతో పాత దుమ్ము బయటికి తీయండి. పొరను ఎక్కువ ఎత్తొద్దు, పెళుసుగా ఉంటుంది, టక్కున విరుగుతుంది. సిరంజితో ఒక చుక్క గోరువెచ్చని నీళ్లు లోపలికి పంపి రెండు నిమిషాలు ఆగండి. పాత జిగురు మెత్తబడి, పొర తనంతట తాను వంగడానికి ఒప్పుకుంటుంది. ఇప్పుడు వెచ్చటి జిగురు ఎక్కించండి. వేలితో మధ్య నుంచి అంచుకు నొక్కుతూ మిగులు బయటికి రప్పించి, తడి దూదితో తుడవండి. పైన పాలిథిన్ ముక్క, దానిపైన చిన్న చెక్కదిమ్మ, దానిమీద బరువు. ఒంపు ఉన్న చోట దిమ్మ సరిగా కూర్చోదు, అక్కడ గుడ్డలో కట్టిన ఇసుక మూట వాడండి, ఎక్కడి ఒంపుకు అక్కడ ఒదుగుతుంది. ఒక రోజంతా కదిలించొద్దు.

నేను చెడగొట్టిన శంఖం ఇలాగే మూడు విడతల్లో అంటుకుంది. దగ్గరగా చూస్తే ఎడమ అంచున ఒక సన్నటి గీత ఇప్పటికీ ఉంది.

7. పోయిన ముక్కలు

ఊడిన ముక్క ఎంత చిన్నదైనా పారేయొద్దు, చిన్న కవర్లో వేసి ఎక్కడిదో రాసి పెట్టండి. నిజంగా పోయినదైతే, ఆ గుంట మీద పలుచటి కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ఆకారం తీసుకోండి. అదే జాతి చెక్క, అదే దిక్కు పోగు దొరకడమే కష్టం. అంచుల వెంట పోయే లేత గీతలు సాధారణంగా బాక్స్‌వుడ్ లేదా హాలీ చెక్కవి, అవి పుల్లలుగా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. దంతం పోయిన చోట కొత్త దంతం పెట్టడం చట్టరీత్యా, మనసురీత్యా కూడా కుదరదు. రంగు కలిపిన ఎముక ముక్క చాలు.

శంఖాలకు ఆ నీడ ఎలా వస్తుందో తెలుసా? అది రంగు కాదు. మూకుడులో సన్నటి ఇసుక బాగా కాచి, చెక్క ముక్క అంచును కొన్ని క్షణాలు అందులో గుచ్చుతారు. ఇసుకలో లోతుకు పోయినకొద్దీ ఎక్కువ మాడుతుంది, పైకి వచ్చేకొద్దీ లేతబడుతుంది. అలా ఒక్కో ముక్కా మాడ్చి పక్కపక్కన పేరిస్తే చదునైన చెక్క ఉబ్బెత్తు శంఖంలా కనిపిస్తుంది. మీరూ ఒకసారి వృథా పొర ముక్కతో చేసి చూడండి. ఆ పనివాడి చేతి మీద గౌరవం పుడుతుంది.

8. పాలిష్

పాత పాలిష్ పూర్తిగా గీకేసి కొత్తది వేస్తానని ఎవరన్నా చెబితే పెట్టె వాళ్లకు ఇవ్వొద్దు. ఆ రంగు, ఆ లోతు రెండు వందల ఏళ్ల చేతుల స్పర్శతో వచ్చింది. చాలా పెట్టెలకు మైనం చాలు. బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న రెనైసాన్స్ వ్యాక్స్ బఠాణీ గింజంత తీసుకుని మూతంతా పలుచగా పరిచి, పది నిమిషాలకు మెత్తటి గుడ్డతో మెరుగు పెట్టండి. స్ప్రే పాలిష్‌లలో సిలికాన్ ఉంటుంది, అది చెక్కలోకి ఇంకితే ఆ తరవాత ఏ పాలిష్ సరిగా పట్టదు.

పాలిష్ అరిగి చెక్క బయటపడిన చోట మాత్రం లక్క పాలిష్ అద్దవచ్చు. ఏటికొప్పాక బొమ్మల పని దగ్గరగా చూసినవాళ్లకు లక్క కొత్త కాదు. ఇంగ్లండ్ పనివాళ్లు వాడిన లక్క కూడా ఓడల్లో మన దేశం నుంచే వెళ్లింది. 200 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో 20 గ్రాముల లక్క రేకులు వేసి ఒక రోజు కరగనిచ్చి, వడగట్టండి. దూదిని పాత మల్లు పంచె ముక్కలో ఉండకట్టి, తడిపి, పిండి, అరిగిన చోట మాత్రమే తేలిగ్గా తాకిస్తూ పోండి. ఒకే చోట ఆగితే కింది పొర లేస్తుంది. వానపడే రోజు ఈ పని పెట్టుకోవద్దు, గాలిలో తడికి పాలిష్ తెల్లబారుతుంది.

9. తాళం, లోపలి పూత, ఉంచే చోటు

మూత తెరిచి ఉన్నప్పుడు తాళం నాలుక బయటికి వచ్చి ఉంటే, దాన్ని లోపలికి తిప్పకుండా మూత వేయకండి. మూత అంచు విరిగేది ఇలాగే. తాళంచెవి లేకుండా మూసుకుపోతే కత్తితో మీటొద్దు, పాత చెవుల గుత్తి ఉన్న తాళాల మనిషిని పిలవండి. ఇత్తడిని బంగారంలా తోమొద్దు, ఆ తోమే పొడి చుట్టూ చెక్క పోగుల్లో దిగి తెల్లగా ఉండిపోతుంది.

అరల లోపల బూడిద రంగు లోహపు రేకు ఉంటుంది. అందులో సీసం కలిసి ఉంటుంది. అందుకే ఎంత ముచ్చటేసినా అందులో టీ పొడి పోసి తాగకండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి.

గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. విశాఖలో, కాకినాడలో అది కుదిరే పని కాదు. అంకె కన్నా నిలకడ ముఖ్యం. పగలు ఏసీ, రాత్రి తెరిచిన కిటికీ, ఇదే పెట్టెను చంపుతుంది. బయటి గోడకు ఆనించకుండా, ఎండ పడని అలమరాలో, పక్కన చిన్న తేమ కొలిచే మీటరు పెట్టి ఉంచండి. నేను ఏడాదికి రెండుసార్లు, వేసవి మొదట్లో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి, పాత ఫొటో ప్రింట్లు పక్కన పెట్టుకుని మళ్లీ టార్చి వేసి, వేలి కణుపుతో తట్టి చూస్తాను. కొత్తగా డొల్ల పలికిన చోటు ఉంటే తేదీ వేసి గుర్తు పెడతాను. ఏ జిగురు ఎక్కడ వాడానో రాసిన కాగితం కూడా ఆ ప్రింట్లతోనే ఉంటుంది, నా తరవాత ఈ పెట్టె ఎవరి చేతికి వెళ్లినా వాళ్లకు పనికొచ్చేలా.